వఫ్రా కుంట, మరవ తలుపు

కువైట్ వెళ్ళొచ్చాననగానే మా ఊరి కుర్రాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతారు: ఎండ ఎంత, జీతం ఎంత. వాన సంగతి ఒక్కడూ అడగడు. అడగకపోయినా నేనే మొదలుపెడితే, "వానా? ఎడారిలోనా?" అని నవ్వేసి ఫోన్లోకి తల దించేస్తారు. అందుకే రాస్తున్నాను. రాయడంలో ఒక సుఖముంది. మధ్యలో లేచిపోయేవాడు మనకు కనపడడు.

మాలాంటివాళ్ళకు రిటైర్‌మెంట్ అంటూ ఎవరూ ఇవ్వరు. నాకు మోకాళ్ళు ఇచ్చాయి. అంతకుముందు చాలా ఏళ్ళు వఫ్రాలో ఒక తోటలో మోటార్ల పని చేశాను. రాయచోటి చుట్టుపక్కల బోరు మోటార్లు విప్పి బిగించిన చేతులే అక్కడా పనికొచ్చాయి. వఫ్రా అంటే కువైట్‌కు దక్షిణపు కొస. తోటలు, గొర్రెల దొడ్లు, మధ్యలో ఇసుక. బస్సు కోసం నిలబడితే నిలబడ్డట్టే ఉంటాం. సిటీ వైపు మహబూలాలో గదుల్లో ఇరుక్కుని ఉండే మనవాళ్ళు "నీకేమప్పా, గాలీ వెలుతురూ ఉండాయి" అని కుళ్ళుకునేవారు. గాలి ఉన్నమాట నిజమే. అందులో సగం ఇసుక.

ఆ తోటలో ఒక కుంట ఉండేది. దాన్ని మొదట ఎవరూ తవ్వలేదు. నేల పళ్ళెంలా దిగి, అడుగున బంకమట్టి ఉన్న చోటు అది. వాన పడిన ఏడాది నీళ్ళు నిలిచేవట, ఒంటెలొచ్చి తాగేవట. అలాంటి చోటును అక్కడివాళ్ళు ఖబ్రా అంటారు. తోట యజమాని, మేము పెద్ద బాబా అని పిలిచే ఆయన, పల్లపు వైపున మట్టికట్ట పోయించి దాన్ని కుంట చేశాడు. మా బోరు నీళ్ళు ఉప్పన. వాన నీళ్ళు తియ్యన. రెండూ ఆ కుంటలో కలిపి సిమెంటు కాలవల్లో ఖర్జూరపు చెట్లకూ, గ్రీన్‌హౌసులకూ, గొర్రెల మేతకు పెంచే గడ్డికీ వదిలేవాళ్ళం.

కట్ట చివర ఒక ఇనుప తలుపు, దాన్ని ఎత్తడానికి పైన ఒక చక్రం. నీళ్ళు మరీ ఎక్కువైతే తలుపు ఎత్తాలి. అప్పుడవి పక్క కాలవ గుండా తోట బయటి పల్లంలోకి పోయి ఇసుకలో ఇంకిపోతాయి. మన చెరువులకు మరవ ఉంటుందే, అదే అనుకోండి. తేడా ఒక్కటే. మన మరవ రాతికట్టడం. చెరువు నిండితే దానంతటదే పొర్లుతుంది, ఎవరినీ అడగదు. అక్కడ మనిషి తిప్పాలి. కట్ట కట్టిన ఇంజనీరు ఎవరో ఈజిప్టు ఆయనట, నేను చేరకముందే వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు పక్క గోడమీద ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. నీళ్ళు ఈ గీత తాకితే తలుపు ఎత్తండి అని దాని అర్థం. నేను వచ్చిన తర్వాత నీళ్ళు ఆ గీతను తాకింది లేదు, తలుపు ఎత్తే అవసరమూ రాలేదు.

ఆ కుంటకు ఒక మనిషి ఉండేవాడు. మా జిల్లావాడే. వాళ్ళది నీరుగంటి ఇల్లు, అంటే తాతల నుంచి ఊరి చెరువు నీళ్ళు పొలాలకు వంతులవారీగా పంచే ఇల్లు. ఆయన చేతికి పని వచ్చేసరికి చెరువు పూడిపోయింది, ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు, పంచడానికి ఏమీ మిగల్లేదు. ఇంట్లో ఏం చెయ్యాలో తోచక కువైట్ వచ్చాడు. ఏజెంటు గ్రీన్‌హౌసులో టమాటాలు కోసే పని అన్నాడట. తీరా ఇక్కడికొస్తే కుంట కనపడింది. మొదటి వారమే కాలవ గట్టున నిలబడి, "ఈ మడికి ముందు, ఆ మడికి ఎనక" అని వంతులు చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద బాబాకు భాష అర్థం కాకపోయినా పని అర్థమైంది. చేతికి పార ఇచ్చి కుంటమీద పెట్టాడు.

అంత పొగరు చూపించే పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కట్టమీద చెప్పులేసుకుని నడవనిచ్చేవాడు కాదు. బంగ్లాదేశ్ కుర్రాడెవడో కాలవలో కాళ్ళు కడుక్కుంటే వాడికి తెలుగులో పెట్టిన తిట్లు తోట అవతలికి వినపడ్డాయి. కంటికి రెప్పలా కాచుకుంటున్నాడని మేమంటే, "కంటికి రెప్పుంటాది. దీనికి నేను గాక ఎవురుండారు?" అనేవాడు.

గొర్రెల దొడ్డి కట్టకు దిగువన ఉండేది. గొర్రెల కాపరి రాయచోటి సాయిబు, మా అందరికన్నా చిన్నవాడు, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. సాయంత్రం మందను తోలుకొచ్చేటప్పుడు కట్టకింద ఆగి ఏదో ఒకటి అనకుండా పోయేవాడు కాదు.

"ఏం చిన్నాయనా, నీ చెరువులో కప్ప గూడా లేదే. అది చెరువెట్లయితాదీ?"

"కప్పలన్నీ రాయచోటిలోనే ఉండాయి గదరా. ఒగటి తప్పించుకోనొచ్చి గొర్రెలు కాస్తాంది" అనేవాడు నీరుగంటి.

ఇద్దరూ రోజూ ఇలాగే కొట్టుకుని, ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు.

పెద్ద బాబా పోయాక తోట కొడుకు చేతికొచ్చింది. చిన్న బాబాకు సిటీలో, మిర్కాబ్‌లో ఆఫీసు, శుక్రవారాలు మాత్రం కుటుంబంతో తోటకు వచ్చేవాడు. మంచివాడు, గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. ఆయన లెక్క ఆయనది. ప్రభుత్వం శుద్ధి చేసిన నీళ్ళు పైపులో తోటదాకా వచ్చాయి. నాలుగు ప్లాస్టిక్ ట్యాంకులు పెడితే కుంటతో పనిలేదు. పూడ్చేస్తే అక్కడ మంచి అతిథిగృహం కట్టుకోవచ్చు. చుట్టుపక్కల తోటలన్నీ అప్పటికే ఆ బాటే పట్టాయి. ఒక శుక్రవారం కట్టమీదికొచ్చి నాతో అరబ్బీలో చెప్పాడు, నేను తెలుగు చేశాను: ఈ చలికాలం కుంట వాననీళ్ళతో నిండితే ఉంచుతా. నిండకపోతే పూడుస్తా. కుంట పోతే దీని మనిషితో పనిలేదు, ఇఖామా ఇంక కట్టను.

నీరుగంటి పార భుజాన పెట్టుకుని విన్నాడు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది లేకపోతే ఇంటికి పోవాలి. ఆ వయసులో ఇంకో యజమాని ఎవడు దొరుకుతాడు? కానీ ఆయన నన్నడిగింది అది కాదు.

"అబ్బీ, నిండితే ఉంచుతా అన్న్యాడు గదా? మాటేనా?"

"మాటేనన్నా."

"అయితే నింపుతా."

వాన ఈయన చెప్పినట్టు పడుతుందా అని నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

చెప్పినట్టే పడింది. పగలు, శుక్రవారం, తోటనిండా చుట్టాలు. చలికాలం కాబట్టి బయట నిప్పులమీద మాంసం కాల్చుకుంటున్నారు. ముందు ఫోన్లన్నీ ఒకేసారి కుయ్యిమన్నాయి, ప్రభుత్వంవారి వాన హెచ్చరిక. తర్వాత ఉత్తరాన ఆకాశం సీసంలా అయింది. ఆ దేశంలో వాన అలవాటుగా రాదు. ఏడాదిదంతా ఒకే పూటలో దింపేసి పోదామని వస్తుంది. ఇసుక తాగదు. పైపైనే పరుగెత్తి పల్లానికి చేరుతుంది. పల్లమంటే మా కుంట.

కడప, రాయచోటి వాళ్ళం ఆరుగురం కట్టమీద చేరాము. గొడుగు ఎవరికీ గుర్తురాలేదు. ఒకడు ఇంటికి వీడియో కాల్ చేసి పెళ్ళానికి కుంట చూపిస్తున్నాడు. నీరుగంటి జేబులోంచి పసుపు పొట్లం తీసి చిటికెడు నీళ్ళమీద చల్లి, దణ్ణం పెట్టుకుని, పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ముక్కు మాత్రమే చీదుకున్నాడని మేమంతా ఒప్పుకున్నాము.

నీళ్ళు ఎర్ర గీతను తాకాయి. అందరం చూశాము. ఎవరం కదల్లేదు.

ఇది మీకు చెప్పినా నమ్మరేమో. ఈజిప్టువాడైతే తలుపు ఎత్తేవాడు. బెంగాలీ ఎత్తేవాడు, వాళ్ళకు నీళ్ళంటే తరిమే జంతువు. మేము మాత్రం, చెరువు నిండితే ఊరంతా మరవ దగ్గరికెళ్ళి పూజ చేసే చోటు నుంచి వచ్చినవాళ్ళం, నిండిన నీళ్ళను సొంత చేత్తో బయటికి వదలడం అనే పనిని పుట్టినప్పటి నుంచీ చూడలేదు. మా మరవ దానంతటదే పారుతుంది. పాపమో పుణ్యమో దానిదే. "ఇంగో రవ్వంత చూద్దాం" అని ఒకడన్నాడు. "గీత మరీ కిందికి గీసినాడులే, భయస్తుడు" అని ఇంకొకడన్నాడు. చిన్న బాబా గొడుగేసుకుని వచ్చి నిండుకుంటను చూసి సంతోషంగా, "జేన్, జేన్", బాగుంది బాగుంది అని నీరుగంటి భుజం తట్టి వెళ్ళాడు. ఆయన ఇచ్చిన మాట కళ్ళముందే నిలబడిపోయింది. ఇంక తలుపు ఎత్తమని ఎవడు చెబుతాడు?

అప్పుడు కాపరి దొడ్డి వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నోట్లో ఎకసెక్కం లేదు.

"చిన్నాయనా, కట్టకింద చెమ్మ పడతాంది. నీల్లు కారతాండాయి."

"కట్టన్నాక చెమ్మ పట్టదా? తెల్లనీల్లా, మట్టినీల్లా?" అడిగాడు నీరుగంటి.

"యామో, సూడలా. గొర్రెపిల్లలుండాయి షెడ్డులో, తోలుకొస్తా" అని కాపరి వెనక్కి పరుగెత్తాడు.

నీరుగంటి కట్ట అవతలి అంచుకు పోయి వంగి చూశాడు. నేనూ చూశాను. నాకు నీళ్ళు మాత్రమే కనపడ్డాయి. ఆయనకు కనపడింది వేరు. తెల్లనీళ్ళు కారితే కట్ట చెమరుస్తున్నట్టు, భయం లేదు. మట్టినీళ్ళు కారితే కట్ట లోపలి నుంచి కరిగిపోతున్నట్టు. అక్కడ కారుతున్నవి టీ రంగు నీళ్ళు. ఆయన కాపరిని కేకేశాడు. వాన రేకులమీద చేసే చప్పుడుకు వినపడలేదు. మళ్ళీ కేకేశాడు.

"అబ్బీ, పో! వాన్ని బయటికి లాక్కోనిరా! పిల్లలు సస్తే సావనీ, వాన్ని లాక్కోనిరా!"

నేను దిగి పరుగెత్తాను. ధైర్యమేమీ కాదు, ఆ గొంతు వింటే ఎవడైనా పరుగెత్తుతాడు. షెడ్డులో కాపరి చంకకొక పిల్లను ఇరికించుకుని మూడోదాని కోసం వంగి ఉన్నాడు. చొక్కా పట్టుకుని లాగాను. వాడు రాలేదు, తిట్టాడు, నేనూ తిట్టాను, చివరికి నా చేతికీ ఒక పిల్లనిచ్చాడు. మోకాళ్ళు మునిగే బురదలో అలా నిలబడి నేను కట్ట పైకి చూశాను. నీరుగంటి చక్రం మీద పడి ఉన్నాడు. ఏళ్ళ తరబడి కదలని చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆయన పారకర్రను చక్రం ఆకుల్లో దూర్చి, దానిమీద ఒళ్ళంతా వేలాడేశాడు. ఒక్కసారి కీచుమంది. ఆ తర్వాత పక్క కాలవలో నీళ్ళ హోరు వినపడింది. నా జీవితంలో నేను విన్న చప్పుళ్ళలో అంత హాయైనది ఇంకోటి లేదు. మిగిలిన గొర్రెపిల్లలు కూడా బయటికొచ్చాయి. ఒక్కటీ చావలేదు.

కట్ట నిలిచింది. కానీ కారడం ఆగాలంటే నీళ్ళు బాగా దిగిపోవాలి. నీరుగంటి తలుపు మూయలేదు. సాయంత్రం దాకా ఆ తియ్యని నీళ్ళన్నీ పక్క కాలవ వెంట తోట దాటి పల్లంలోకి పోయాయి. మేము కట్టమీద నిలబడి చూస్తూనే ఉన్నాం. చావింట్లో ఉన్నట్టే ఉంది. కాపరి మాత్రం వచ్చి నీరుగంటి పక్కన కూర్చుని టీ గ్లాసు చేతిలో పెట్టాడు.

చిన్న బాబా చుట్టాలను సాగనంపి వచ్చేసరికి కుంటలో మోకాలిలోతు నీళ్ళున్నాయి. నేను జరిగింది చెప్పాను. ఆయన కట్టకింద కారిన చోటు చూశాడు, దొడ్డి చూశాడు. "మనుషులు బాగున్నారు కదా, అల్‌హమ్దులిల్లాహ్" అన్నాడు. కాసేపు కుంట వైపు చూసి, "ఇంక ఖలాస్" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. కారే కట్టను ఎవరు పెట్టుకుంటారు? చలికాలం పోగానే లారీలతో ఇసుక తోలించి పూడ్చడానికి మాట్లాడేశాడు. నీరుగంటి తన పెట్టె సర్దుకున్నాడు. అందులో సర్దడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా రోజూ సర్దుతూనే ఉండేవాడు. కుంటలో మిగిలిన కాసిని నీళ్ళకు బోరు నీళ్ళు కలిపి కాలవలకు వదలడం మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు.

కొన్ని వారాల తర్వాత కాపరి మందను బయటి పల్లం నుంచి తోలుకొచ్చి, "అన్నా, ఒగసారి వచ్చి సూడండి, నా మాట మీరు నమ్మరు" అన్నాడు. వెళ్ళి చూశాము. నీళ్ళు పోయిన దారి పొడుగునా పచ్చగా ఉంది. సన్నగడ్డి, పసుపుపచ్చ పూలు, నీళ్ళు ఎంత వెడల్పున పారాయో అంత వెడల్పున. చుట్టూ మామూలు ఇసుకే. కాపరి గొర్రెల పొట్టలు తడిమి చూపించి తన గొప్పలా మురిసిపోయాడు.

ఆ కబురు ఎట్లా పోయిందో బాబా వాళ్ళ ఇంట్లోకి పోయింది. మరుసటి శుక్రవారం పెద్ద బాబా భార్య, అందరూ పెద్ద మామా (అక్కడ మామా అంటే అమ్మ) అనే ఆవిడ, చక్రాల కుర్చీలో ఆ పల్లానికి వచ్చింది. కుర్చీ తోసేది మన లక్కిరెడ్డిపల్లె ఆడబిడ్డ. ఆవిడ దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. పెద్ద మామా గడ్డిలో దింపమంది. దించితే, చేత్తో నేలను తడుముతూ కూర్చుంది. ఆవిడ చిన్నతనంలో వాళ్ళ నాన్న గుడారం వసంతమంతా ఆ పల్లంలోనే ఉండేదట. ఖబ్రా నిండి పొర్లిన నీళ్ళకు అక్కడ గడ్డి మొలిచేది. భర్త కట్ట కట్టాక నీళ్ళు కట్ట దాటి రాలేదు, గడ్డి మొలవలేదు. ఆయన ఎంతో ఇష్టంగా కట్టుకున్న కుంట, ఆయనతో ఏం చెబుతుంది? ఎన్నడూ చెప్పలేదట.

తర్వాత నీరుగంటిని పిలిపించింది. ఈయన అక్షింతలు పడతాయనుకుని తలపాగా తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆవిడ కొడుకు వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది, చిన్న బాబా తలూపుతూ విన్నాడు. ఆడబిడ్డ మాకు తెలుగు చేసింది.

"అన్నా, కుంట పూడ్చొద్దంటాంది. కట్ట మల్లా గట్టిగా యేయిస్తారంట. నీ ఇఖామా గూడా కడతారంట. అయితే ఇంగ నీ పని నీల్లు నిలబెట్టేది గాదంట. బోరు నీల్లు నీ ఇష్టం. వానొచ్చినప్పుడు మాత్రం తలుపెత్తి నీల్లు ఈడికి ఇడ్సల్లంట."

నీరుగంటి నా మొహం చూశాడు. "ఇడిసేదానికి జీతమిస్తారా అబ్బీ? మనకాడ ఇడిసిపెడితే తంతారు గదా."

నేను అది అరబ్బీలోకి మార్చి చెప్పాను. పెద్ద మామా నవ్వింది. చిన్న బాబా కూడా నవ్వాడు. ఈయన మాత్రం నవ్వలేదు.

నేను మీకు నీతులేమీ చెప్పబోవడం లేదు. చెబితే మీరు చదవడం ఆపేస్తారు, ఆ సంగతి నాకు తెలుసు. మరుసటి చలికాలం జరిగింది చెప్పి ముగిస్తాను.

కొత్త కట్ట గట్టిగా కుదిరింది. చక్రానికి నేనే గ్రీజు పెట్టాను, చంటిపిల్లవాడు తిప్పినా తిరుగుతుంది. మళ్ళీ పగలే వాన వచ్చింది. కుంట నిండుతోంది. దిగువన దొడ్డి లేదు, దాన్ని మెట్టకు మార్చారు. కాపరి ఊళ్ళో పెళ్ళికి సెలవుమీద పోయాడు. చిన్న బాబా ఆఫీసు నుంచి ఫోన్ చేసి, అమ్మ అడుగుతోంది, తలుపు ఎత్తారా అన్నాడు. ఎత్తుతున్నామని చెప్పి నేను మోటారు గదిలోంచి కట్టమీదికి వెళ్ళాను. నీరుగంటి చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిప్పడం లేదు. వానలో ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో, చేతులు నీలిరంగుకు తిరిగాయి.

"తిప్పన్నా. అడుగుతాండారు."

"నాకు చెయ్యి రాల్యా అబ్బీ. నువ్వు తిప్పు."

"అదేందన్నా, పోయినేడు తుప్పు పట్టిందాన్నే తిప్పితివి గదా!"

ఆయన చక్రం వదిలి పక్కకు జరిగాడు.

"పోయినేడు కింద నువ్వూ, ఆ పిల్లోడూ ఉంటిరి. ఇప్పుడు ఎవురుండారు?"

నేను చక్రం తిప్పాను. ఆయన నీళ్ళ వైపు చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు. తోట వదిలి వచ్చేదాకా ప్రతి వానకూ ఆ తలుపు నేనే ఎత్తాను. ఆయనే ఎత్తుతున్నాడని చిన్న బాబా ఇంట్లోవాళ్ళకు చెప్పేవాణ్ణి.